మూర్ఛమందు, నరాలనొప్పి: ఒక చిన్న చరిత్ర

ఛందస్సునో ప్రబంధాలనో పట్టుకొని వ్రాసుకొనే ఈ పుటలో మందుమాత్రల ప్రసక్తి ఏమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. నేను తెలుగు పండితుణ్ణే గాని వైద్యుణ్ణి కాను. కాని ఒక చిన్న మాత్ర నా చేత కొన్ని నెలలపాటు చరిత్ర చదివించింది. చదివినదాన్ని పంచుకోకపోతే ఉపాధ్యాయుడికి నిద్ర పట్టదు కదా!

కిందటి సంవత్సరం వానాకాలంలో నా కుడివైపు ప్రక్కటెముకల వెంబడి అక్కి లేచింది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తాలూకు సూక్ష్మజీవి నరాల మొదళ్ళలో దశాబ్దాల తరబడి నిద్రపోయి, ముసలితనంలో మళ్ళీ లేవడమే అక్కి అట. మా వట్లూరు చుట్టుపక్కల అక్కి లేచిందంటే పెద్దలు చెప్పే మాట ఒకటే – కుమ్మరి దగ్గరకు వెళ్ళి అక్కి వ్రాయించుకో. ఎర్రమట్టితో ఆ పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తారు. నేనూ వ్రాయించుకున్నాను. పొక్కులు రెండు మూడు వారాల్లో మాడిపోయాయి. (వ్రాయించుకోకపోయినా మాడిపోతాయని తరువాత తెలిసింది. పొక్కులు లేచిన మూడు రోజుల లోపల వైరస్ మందు మొదలుపెడితే మంచిదట. ఆ మూడు రోజులూ నేను సింహానికి సమర్పించుకున్నాను.)

పొక్కులు పోయాయి గాని నొప్పి పోలేదు. చొక్కా తగిలితే మంట, ఫ్యాను గాలి సోకితే పోటు. ఏలూరులో ఒక వైద్యులు చూసి గాబాపెంటిన్ మాత్రలు వ్రాశారు. మందుల దుకాణంలోని కుర్రవాడు చీటీ చూసి, "మాస్టారూ, ఇవి ఫిట్స్ బిళ్ళలు కదండీ! మీకు ఫిట్సా?" అని గట్టిగా అడిగాడు. బల్ల దగ్గర నిలుచున్న నలుగురూ నా వైపు తిరిగారు.

ఇంకొక ఊళ్ళో అయితే ఆ మాటకు అంత బరువు ఉండేది కాదేమో. ఏలూరులో ఉంది. 2020 డిసెంబరు 5, శనివారం సాయంకాలం నుండి వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు నిలుచున్నవారు నిలుచున్నట్టే పడిపోవడం మొదలైంది. పడమర వీధి, దక్షిణపు వీధి, కొత్తపేట – ఒక వీధి అని లేదు, ఒక వయస్సు అని లేదు. మూడు నుండి ఐదు నిమిషాలు కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురుగు, తేరుకున్నాక కొంతసేపు ఏమీ జ్ఞాపకం లేకపోవడం, వాంతులు, తలనొప్పి. రోజుల వ్యవధిలో బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. అది కరోనా కాలం కూడా కావడంతో ఊరు ఎంత బెదిరిపోయిందో చెప్పనలవి కాదు. వట్లూరు నుండి పట్నానికి పాలు తీసుకువెళ్ళేవారు కూడా రెండు రోజులు వెళ్ళలేదు. నీళ్ళను అనుమానించాం, కూరగాయలను అనుమానించాం, గాలిని అనుమానించాం. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తపు నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఆ మాసం మధ్యలో ఎయిమ్స్, నీరి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని నివేదించారు. అవి అందరి ఒంట్లోకి ఏ దారిన ప్రవేశించాయో మాత్రం అప్పుడు తేలలేదు.

ఆ రోజుల్లో జనం నోళ్ళలో నానిన మాట 'ఫిట్స్'. మా వీధిలో ఒక పెద్దావిడ, పడి లేచిన మనవణ్ణి చూసి, వీడికింక జన్మంతా మాత్రలేనా అని ఏడ్చింది. అక్కరలేకపోయింది. ఒంట్లో విషం చేరినందువల్లనో, విపరీతమైన జ్వరం వల్లనో, రక్తంలో చక్కెర పడిపోయినందువల్లనో వచ్చే మూర్ఛ వేరు. ఏ తక్షణ కారణమూ లేకుండా మళ్ళీ మళ్ళీ వచ్చే మూర్ఛరోగం వేరు. మొదటిదానికి కారణం తొలగితే చాలు. రెండవదానికే ఏళ్ళ తరబడి మందు. ఈ భేదం తెలియకనే మన ఊళ్ళలో ఒక్కసారి పడినవాడికి కూడా జీవితాంతం ముద్ర పడుతుంది.

మన పూర్వులకు ఈ రోగం కొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. 'అపస్మారం' అన్నారు. స్మృతి తొలగిపోవడం అని అర్థం. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలు చెప్పి, దానిని దేహమనస్సుల వ్యాధిగానే పరిగణించి ఔషధాలు చెప్పారు. నటరాజమూర్తి పాదం కింద అణగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. చిత్రమేమిటంటే శివుడు అతణ్ణి చంపడు, తొక్కి పట్టి ఉంచుతాడు. ఈ రోగానికి మందు చేసే పని కూడా సరిగ్గా ఇదే. తెలుగులో 'సొమ్మ' అంటే మూర్ఛ. సొమ్మసిల్లడం అనే మాట అందులోనుండి వచ్చినదే. తమిళులు 'కాక్కాయ్ వలిప్పు' అన్నట్టే మనవారు 'కాకిసొమ్మ' అన్నారు. చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ళ నడుమ చెంచా దూర్చడం ఏ గ్రంథంలో ఉన్నాయో నాకు కనబడలేదు. రెండూ పనికిరానివే. రెండవది ప్రమాదం కూడా. పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద మెత్తనిది పెట్టి, గడియారం చూడటమే చేయవలసిన పని. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి.

ఇక ఆధునిక ఔషధాల మాట. వాటిలో మొదటిది ఒక తప్పుడు ఊహ నుండి పుట్టింది. 1857లో లండన్ వైద్యసభలో సర్ చార్లెస్ లొకాక్ అనే రాజవైద్యుడు, కొందరు స్త్రీల మూర్ఛకు కారణం కామోద్రేకమనీ, దాన్ని అణచడానికి తాను పొటాషియం బ్రోమైడ్ ఇస్తే మూర్ఛలు తగ్గాయనీ చెప్పాడు. కారణం తప్పు, ఫలితం నిజం! అర్ధశతాబ్దానికి పైగా ప్రపంచానికి అదే మందు. ఒళ్ళంతా కురుపులు, మందకొడితనం, ఒక్కొక్కప్పుడు పిచ్చి – ఇవి దాని కానుకలు.

1912లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే యువవైద్యుడు మూర్ఛరోగుల గదుల మీద మేడలో నివసించేవాడట. రాత్రిళ్ళు రోగులు పడుతూ ఉంటే అతడికి నిద్ర ఉండేది కాదు. వారు నిద్రపోతే తనకూ నిద్ర దక్కుతుందని అప్పుడే వచ్చిన ఫీనోబార్బిటాల్ అనే నిద్రమందు ఇచ్చాడు. నిద్ర మాట అటుంచి, మూర్ఛలు తగ్గాయి, పగటివి కూడా. మన ఊళ్ళలో 'గార్డినాల్ బిళ్ళ' అని పిలిచినది ఇదే. అంత మేలు చేసిన హౌప్ట్‌మన్ యూదుడు కావడం చేత 1938లో నాజీల నిర్బంధశిబిరం పాలై, విడుదలయ్యాక దేశం విడిచి, అమెరికాలో కన్నుమూశాడు.

ఈ గార్డినాల్ పేరు వినగానే నాకు ఒక అమ్మాయి గుర్తుకు వస్తుంది. కొల్లేటి ఒడ్డున ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నేను పనిచేస్తున్న రోజులు, 1990ల నడిమికాలం. తొమ్మిదవ తరగతిలో ఒకసారి పద్యం అప్పజెబుతూ పడిపోయింది. తల్లిదండ్రులను ఒప్పించి ఏలూరు పంపాను. రాత్రి పూట ఒక మాత్ర. రెండేళ్ళకు పైగా మళ్ళీ పడలేదు. చదువు ముగిసింది, సంబంధం కుదిరింది. పెళ్ళివారి కంట మాత్రలు పడితే చెడిపోతుందని, ఎలాగూ నయమైంది కదా అని, ఇంట్లోవారు ఒకనాటితో మాత్రలు మాన్పించారు. పది రోజులు కూడా గడవలేదు. చెరువుకు ఒంటరిగా వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. ఆ రేవులో నీళ్ళు మోకాలి లోతే. కాలు జారిందని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఫీనోబార్బిటాల్ వంటి మందును హఠాత్తుగా ఆపితే, ఇన్నాళ్ళు అణగి ఉన్న మూర్ఛ రెట్టింపు బలంతో, ఒకదాని వెంట ఒకటిగా రావచ్చునని నేను చదివింది మొన్న మొన్ననే. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా. మాత్ర వేసుకోమని చెప్పినవాణ్ణి, మానవద్దని చెప్పలేదు. నాకు తెలియదు గనుక.

ఆ ఇంటివారిని నేను నిందించలేను. అప్పటికి చట్టమే వారి భయాన్ని సమర్థిస్తోంది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, తరచుగా మూర్ఛ వచ్చేవారిని ఉన్మాదులతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వివాహానికి అనర్హులన్నది. 1999లో గాని పార్లమెంటు ఆ మాటను తొలగించలేదు. చట్టంలో నుండి పోయిన మాట పెళ్ళిచూపుల చావళ్ళలో నుండి ఇంకా పోలేదన్నది వేరే సంగతి.

ఆడపిల్లల విషయమే కాబట్టి ఇక్కడ మన గోదావరి జిల్లా బిడ్డను ఒకరిని స్మరించాలి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛమందు గర్భిణులు వాడితే శిశువు వెన్నెముక సరిగా మూసుకోకపోయే ప్రమాదం ఉందని 1982లో ఫ్రాన్సులో గుర్తించారు. అందుకే ఈడు వచ్చిన స్త్రీలకు సాధ్యమైనంతవరకు దాన్ని తప్పిస్తారు. మూర్ఛమందు ఏదైనా, గర్భానికి ముందునుండే ఫోలిక్ ఆమ్లం మాత్రలు జత చేస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అయితే, గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మూర్ఛమందును తామే ఆపివేయడం తల్లికీ బిడ్డకూ కూడా చేటు. వైద్యుణ్ణి అడిగి, ముందే మార్చుకోవలసిన విషయమది.

1938లో బోస్టన్‌లో మెరిట్, పట్నం అనే ఇద్దరు వైద్యులు ఫెనిటాయిన్ గుణాన్ని ప్రకటించారు. మనవారికి 'ఎప్టాయిన్' అంటే తెలుస్తుంది. (పట్నం అన్నది ఆయన ఇంటిపేరే, మన పట్నం కాదు!) ఎలక్ట్రిక్ షాకు ఇచ్చిన పిల్లుల మీద పరీక్షించి, నిద్రమత్తు పెద్దగా లేకుండానే మూర్ఛను ఆపే మందు ఉండగలదని నిరూపించారు. అంతవరకు మత్తే మందు అనుకొనేవారు. అయితే దీనికొక దుర్గుణం ఉంది. ఒక మోతాదు దాటాక, కొద్దిపాటి పెంపుకే రక్తంలో మందు విపరీతంగా పెరిగిపోతుంది. నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఏళ్ళుగా అదే మోతాదు వాడుతున్న రోగులు ఒక్కసారిగా తూలిపోవడం మొదలుపెట్టారు. విచారిస్తే, మందు మారలేదు, గొట్టంలో మందుతో కలిపే నిస్సారమైన పొడిని మాత్రం కంపెనీ మార్చింది. కొత్త పొడితో మందు ఎక్కువగా ఒంటికి పట్టింది. "ఆ కంపెనీది లేదండీ, ఇదీ అదే" అని దుకాణదారు వేరొక డబ్బా ఇచ్చినప్పుడు, తక్కిన మందులకు సరే గాని, మూర్ఛమందు విషయంలో వైద్యునికి ఒక మాట చెప్పడం ఎందుకు అవసరమో ఈ కథ చదివాక బోధపడింది.

ఇక నా అసలు ప్రశ్న. మూర్ఛమందు నొప్పికి ఎందుకు?

దీని బీజం మందులకన్న ముందే ఉంది. ముఖం మీద మెరుపులా పొడిచి పోయే ఒక భయంకరమైన నరాలపోటు ఉంది. పళ్ళు తోముకున్నా, గాలి తగిలినా వస్తుంది, క్షణాల్లో పోతుంది. 19వ శతాబ్ది మధ్యలో పారిస్ వైద్యుడు ట్రూసో దీన్ని చూసి, ఇది ఒక నరానికి వచ్చిన మూర్ఛవంటిది అన్నాడు. ఎంత కవితాత్మకమైన ఉపమ! హఠాత్తుగా రావడం, హఠాత్తుగా పోవడం, మళ్ళీ రావడం – సాధారణధర్మం చక్కగా కుదిరింది. కాని ఆయన చేతిలో మందు లేదు. తొమ్మిది దశాబ్దాల తరువాత, 1942లో, బెర్గూన్యాన్ అనే మరొక ఫ్రెంచి వైద్యుడు, ఉపమ నిజమే అయితే మందు కూడా పనిచేయాలి కదా అని ఫెనిటాయిన్ ఇచ్చి చూశాడు. పని చేసింది. అలంకారశాస్త్రం నుండి వైద్యశాస్త్రానికి దారి ఉందని ఇకమీదట ఎవరైనా నాతో వాదిస్తే ఈ ఉదాహరణ చూపిస్తాను.

ఆ పిమ్మట స్విట్జర్లాండులో గైగీ కంపెనీకి చెందిన షిండ్లర్ 1953లో కార్బమజపీన్ తయారుచేశాడు. 1962లో స్వీడన్ వైద్యుడు బ్లోమ్ దాన్ని ఆ ముఖపు పోటుకు వాడి అద్భుతఫలితం చూశాడు. అమెరికాలో దానికి 1968లో ముందు నొప్పిమందుగానే అనుమతి దొరికింది, మూర్ఛమందుగా 1974లో. కాబట్టి 'ఫిట్స్ బిళ్ళ' అన్న పేరే ఒక అర్ధసత్యం. అయితే ఆసియా ప్రజల్లో కొందరికి వంశపారంపర్యంగా ఉండే ఒక లక్షణం వల్ల ఈ మందు చర్మం ఊడిపోయేంత ప్రాణాంతకమైన దద్దుర్లు తెస్తుందని 2004లో తైవాన్ వారు కనుగొన్నారు. మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరం, దద్దుర్లు, నోట్లో పుండ్లు కనబడితే మాత్ర ఆపి ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి. మూర్ఛమందును తనంత తాను ఆపకూడదన్న నియమానికి ఇదొక అపవాదం.

గాబాపెంటిన్ కథ మళ్ళీ ఫ్రైబుర్గ్‌లోనే మొదలవుతుంది. 1970లలో అక్కడి గోడెకె కంపెనీలో జాట్సింగర్ అనే రసాయనవేత్త బృందం, మెదడును శాంతింపజేసే 'గాబా' అనే పదార్థాన్ని పోలిన అణువును తయారుచేసింది. పేరూ అందుకే గాబాపెంటిన్. తీరా చూస్తే అది గాబా జోలికే పోదని తేలింది. నరాల కొసల్లో కాల్షియం లోపలికి వచ్చే ద్వారాల దగ్గర ఒక ప్రోటీనుకు అతుక్కొని, అదేపనిగా మోగుతున్న నరాల సంకేతాలను మందగింపజేస్తుందని 1996లో తెలిసింది. మూర్ఛలో అతిగా మోగేది మెదడు. నా విషయంలో అక్కి గాయపరచిన ప్రక్కటెముకల నరం. 1993లో అమెరికాలో మూర్ఛకు, 2002లో అక్కి అనంతరం నిలిచే నొప్పికి అనుమతులు వచ్చాయి. మధ్యకాలంలో కంపెనీ అనుమతి లేని రోగాలన్నిటికీ దీన్ని అంటగట్టి, 2004లో 43 కోట్ల డాలర్లు చెల్లించుకుంది. కాబట్టి ఇది సర్వరోగనివారిణి కాదు. నడుమునొప్పి ప్రతిదానికీ ఇది వ్రాయించుకోనక్కరలేదు. అన్నట్టు, ఈ మందు ప్రపంచంలో అధికంగా తయారయ్యే చోట్లలో చౌటుప్పల, భీమిలి దగ్గరి చిప్పాడ ఉన్నాయి, దివీస్ వారి కర్మాగారాల్లో. జర్మనీలో పుట్టి తెలుగుగడ్డ మీద పెరిగిన మందన్నమాట.

నేను దీన్ని ఎలా వాడానో చెబుతాను, గొప్ప కోసం కాదు. మొదట రాత్రి ఒకటి, 300 మి.గ్రా. కొన్ని రోజుల తరువాత రెండు, పిమ్మట పూటకొకటి చొప్పున మూడు. ఒకేసారి మూడు వేసుకోకూడదా అని అడిగితే, ప్రేగు ఒక పరిమితి మేరకే దీన్ని పీల్చుకోగలదు, మిగతాది వృథా అన్నారు వైద్యులు. మొదలుపెట్టకముందే క్రియాటినిన్ పరీక్ష చేయించారు. ఈ మందు బయటకు పోయేది మూత్రపిండాల దారినే. అవి మందగిస్తే మోతాదు తగ్గించాలి. నాబోటి మధుమేహం ఉన్నవారు మరిచిపోరాని మాట ఇది. కడుపుమంటకు తాగే తెల్లమందుకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలన్నారు. సారాయితో గాని, గట్టి నొప్పిమందులతో గాని, నిద్రమాత్రలతో గాని కలిస్తే ఊపిరి మందగించవచ్చునన్నారు. మొదటి వారం మత్తుగా ఉండేది. ఒకనాటి తెల్లవారుజామున పెరట్లో తూలి తులసికోట పట్టుకున్నాను. సైకిలు ఇల్లాలు దాచేసింది.

మూడు నెలలకు నొప్పి చాలావరకు తగ్గింది. దుకాణంలో ఆ మాట మళ్ళీ వినాలనిపించలేదు. నయమైంది కదా అని ఒక ఆదివారం మూడు పూటల మాత్రలూ ఒక్కసారిగా ఆపాను. మంగళవారం రాత్రికి చెమటలు, గుండెదడ, కంటిమీద కునుకు లేదు, ప్రక్కటెముకల్లో మంట మళ్ళీ మొదలు. వైద్యులు నన్ను చూసి, "మాస్టారూ, ఎవరిని అడిగి ఆపారు?" అన్నారు. మూర్ఛరోగం లేనివారికి కూడా దీన్ని హఠాత్తుగా ఆపితే అరుదుగా మూర్ఛ రావచ్చునని అప్పుడు చెప్పారు. ఇంటికి వస్తూ వట్లూరు రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, సరిగ్గా ఇదే తర్కం – నయమైంది కదా – ముప్ఫై ఏళ్ళ కిందట ఆ అమ్మాయి ఇంట్లోవారు చేసినదని తోచింది. గేటు తీసేదాకా రెండు బండ్లు పోయాయి.

మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, ఇప్పుడు మెట్లు మెట్లుగా దిగుతున్నాను. తగ్గించవలసిన తేదీలు వైద్యులు చీటీ మీద వ్రాసి ఇచ్చారు. దాన్ని పంచాంగం పక్కన మేకుకు తగిలించాను. మధ్యాహ్నపు మాత్ర పోయింది. వచ్చే నెలలో ఉదయపుది. నిన్న దుకాణానికి వెళితే అదే కుర్రవాడు, అక్కడే నలుగురు. "ఫిట్స్ బిళ్ళలే కదండీ మాస్టారూ?" అన్నాడు. "అవును నాయనా, పదిహేను ఇవ్వు, కంపెనీ మార్చకు" అన్నాను.